గొట్టాలమ్మ దాహం

మాచర్ల బజారులో శివరామయ్య కాంప్లెక్స్ వెనక ఓ అమ్మవారు వెలిసింది. అమ్మవార్లు వెలియడం పల్నాటిలో కొత్తేమీ కాదు గానీ, ఈ అమ్మవారు వెలిసేట్టు చేసింది మాత్రం వైర్‌మన్ కొండలు. ఆ సంగతి కొండలుకు తప్ప పురుగుకు కూడా తెలియదు. తెలియకుండానే ఉండాలని అతనూ కోరుకున్నాడు, ఆ ఎండాకాలం వచ్చేదాకా.

ఎనభైల్లో మాచర్ల బజారుకు ఆ కాంప్లెక్సే పెద్ద మేడ. కింద బట్టల కొట్లు, మూలన నరసింహారావు టిఫిన్ హోటలు, పైన లాడ్జి. సాగర్ చూడవచ్చినవాళ్లు, ఎత్తిపోతల చూడవచ్చినవాళ్లు, పత్తి విత్తనాల ఏజెంట్లు అందరూ అక్కడే దిగేవాళ్లు. ఆ మేడలో ఫ్యాను తిరిగినా, మోటారు నీళ్లు తోడినా కొండలు చేతి చలవే. దాచేపల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో పని నేర్చుకుని వచ్చినవాడు. అనుమానం ఉన్న ఇనుముని అరచేత్తో తాకడు, చేతి వెనక వైపుతో తాకుతాడు. అరచేత్తో తాకితే కరెంటు వేళ్లు ముడుచుకునేట్టు చేసి మనిషిని పట్టేసుకుంటుంది, వెనక వైపు తాకితే చెయ్యి దానంతటదే విదిలించుకుంటుంది. ఇంట్లో అన్నం గిన్నె మూత కూడా అట్లాగే తాకి చూస్తాడని అతని భార్య సుబ్బులమ్మ వీధంతా చెప్పి నవ్వేది.

మేడ కట్టేటప్పుడు ఎర్తు గొయ్యి తవ్వడానికే కొండలుకు తల ప్రాణం తోకకొచ్చింది. ఎర్తంటే మరేం లేదు. గ్రైండరులోనో ఫ్రిజ్జులోనో వైరు చెడి దాని ఇనప ఒంటికి తగిలితే, ఆ కరెంటు మనిషి మీదికి రాకుండా నేలలోకి దిగిపోయే దారి. అట్లా దిగిపోతే ఫ్యూజు ఎగిరిపోతుంది, ప్రాణం నిలుస్తుంది. ఆ దారి కోసం నిలువెత్తు ఇనప గొట్టాన్ని గోతిలో నిలబెట్టి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ పొరలుపొరలుగా వేసి పూడుస్తారు. నేల తడిగా ఉంటేనే అది పనిచేస్తుంది. పల్నాటి నేల సంగతి చెప్పేదేముంది, గడ్డపార వేస్తే నాపరాయి ఖంగుమంటుంది. పెరడంతా వెతగ్గా వెతగ్గా నీళ్ల సంపు పక్కన ఒక్కచోట రాతి నెర్రెలో మన్ను దొరికింది. అక్కడే పాతాడు.

పాతడం ఒక ఎత్తు, దానికి నీళ్లు పోయించడం ఒక ఎత్తు అయింది. మొదటి వేసవిలో కొండలు అందరినీ బతిమాలాడు. రోజూ ఓ చెంబుడు నీళ్లు ఆ గొట్టం మొదట్లో పోయండయ్యా అని. ఒక్కరూ పోయలేదు. నరసింహారావైతే ఇడ్లీ రేకులు కడిగిన నీళ్లు కూడా అటు విసరకుండా, "గొట్టానికి నీళ్లు పోస్తే కాయలు కాస్తయ్యా కొండలూ?" అని హోటలంతా వినపడేట్టు నవ్వాడు.

కొండలుకు ఒళ్లు మండింది. కనపడని కరెంటుకు భయపడనివాళ్లు కనపడని అమ్మవారికి మాత్రం భయపడతారు కదా అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే నేల మీదికి వచ్చిన గొట్టం మొనకు ఇంత పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి, వేపకొమ్మ గుచ్చాడు. చీపురు పట్టుకుని వచ్చిన పున్నమ్మను పిలిచాడు.

పున్నమ్మ ఆ కాంప్లెక్స్ ఊడ్చి కడిగే మనిషి. కొండలు వీధిలోనే ఉంటుంది. చుట్టరికం ఏమీ లేకపోయినా అతనికి అత్త, అతను ఆమెకు అల్లుడు. మొగుడు పోయి చానా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు చిన్నకోటయ్య, దాచేపల్లి నుంచి సిమెంటు లారీ తోలతాడు.

"అత్తా, ఇక్కడ తల్లి ఉంది. దానికి దాహం. రోజూ చెంబుడు నీళ్లు పోయి, ఎండనియ్యబాక" అన్నాడు కొండలు, నవ్వు ఆపుకుని.

పున్నమ్మ నవ్వలేదు. చీపురు పక్కన పెట్టి, చెంబు కడిగి నీళ్లు తెచ్చి పోసింది. ఆ రోజు నుంచి ఒక్కరోజు మానలేదు. కొండలు లోపల్లోపల మీసం మెలేసుకున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. అప్పటికి ఆ సామెత అతనికి తియ్యగానే ఉంది.

రెండో ఏడు చిన్నకోటయ్య లారీ పిడుగురాళ్ల దాటాక బోల్తా పడింది. లారీ నుజ్జయింది, అతను మాత్రం చొక్కా దులుపుకుని లేచి వచ్చాడు. పున్నమ్మ ఏడుస్తూ వచ్చి గొట్టం ముందు సాగిలపడింది. ఆ సాయంత్రానికే బజారంతా తెలిసింది. పేరు ఎవరు పెట్టారో ఏమో, గొట్టాలమ్మ అన్నారు. అమ్మకు ఉప్పు ఇష్టమని ఎవరో అన్నారు, గోతిలో ఉప్పు వేయడం కట్టేటప్పుడు చూసినవాళ్లే అయి ఉంటారు. ఇక చూడండి, జబ్బు తగ్గితే ఉప్పు, బేరం కుదిరితే ఉప్పు, కోడలికి నెల తప్పితే ఉప్పు. తర్వాత ఒక బట్టల కొట్టాయన గొట్టం చుట్టూ సిమెంటు గద్దె కట్టించాడు, ఇంకొకాయన వెండి కళ్లు చేయించి అతికించాడు.

గద్దె కట్టిన రోజే కొండలు నోరు విప్పి ఉండవలసింది. సిమెంటు వేశాక పున్నమ్మ పోసే నీళ్లు మన్నులోకి దిగకుండా గద్దె మీద నుంచి జారి కాలవలోకి పోతున్నాయి. ఉప్పేమో గొట్టం అంచునే పేరుకుని లోపలికి తింటూ ఉంది. చూశాడు. చూద్దాంలే అనుకున్నాడు. అప్పటికి ఆ ముసల్ది గొట్టాలమ్మకు మొక్కకుండా కొడుకుని లారీ ఎక్కనివ్వడం లేదు. ఆమె మొహం చూసి ఆ మాట ఎట్లా చెబుతాడు?

గద్దె కట్టిన కొన్నేళ్లకు ఓ వేసవిలో ఎండలు నిప్పులు చెరిగాయి. ఒకరోజు నరసింహారావు, "గ్రైండరు ముట్టుకుంటే జిల్లుమంటంది కొండలూ" అన్నాడు. కొండలు చేతి వెనకతో తాకి చూశాడు. చెయ్యి ఎగిరిపడింది. గ్రైండరు మోటారు తడికి పాడై కరెంటు ఒంటికి కారుతోంది. కారితే కారింది, ఎర్తు బాగుంటే ఈపాటికి ఫ్యూజు పోవాలి. పోలేదంటే?

కొండలు నూరు క్యాండిళ్ల బల్బు తెచ్చి, ఒక కొస కరెంటుకీ ఇంకో కొస ఎర్తు వైరుకీ కలిపి చూశాడు. ఎర్తు మంచిదైతే బల్బు భగ్గున వెలగాలి. అది కొడిగట్టిన దీపంలాగా ఎర్రగా ఒక్కసారి కనపడి ఊరుకుంది.

సంగతి అతనికి అర్థమైపోయింది. గొట్టం కింది భాగాన్ని ఉప్పు తినేసింది. పై ముక్క నేలతో సంబంధం లేకుండా సిమెంటులో నిలబడి ఉంది. గ్రైండరు పూర్తిగా చెడిన రోజు ఆ కరెంటంతా ఎర్తు వైరు పట్టుకుని వచ్చి, దిగే దారి లేక, ఆ గొట్టంలోనే కూర్చుంటుంది. పసుపు మొహంతో, వెండి కళ్లతో. మొక్కవచ్చినవాళ్లు తాకితే చాలు.

వెంటనే గ్రైండరు ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, కాంప్లెక్స్ యజమాని శివరామయ్య దగ్గరికి వెళ్లాడు. గద్దె పగలగొట్టి కొత్త గొట్టం పాతాలన్నాడు. శివరామయ్య చెడ్డవాడు కాదు, కాకపోతే రాజకీయం ఉన్నవాడు.

"అమ్మవారిని తవ్వుతావా? బజారోళ్లు నా ఇంటి మీదకొస్తారు. ఇంకో చోట పాతరాదూ?"

"ఇంకో చోట రాయి తప్ప మన్ను లేదండీ. కట్టేటప్పుడు తమరూ చూశారు గదా."

"అయితే వానలు పడనియ్. అప్పుడు ఆలోచిద్దాం" అని శివరామయ్య పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు వెనక్కి పోయిన పెద్దమనిషిని బయటికి లాగడం ఎవరి తరం?

ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటారు. కొండలు విషయంలో గొయ్యి కూడా నిజంగానే అతను తవ్విందే అయింది. నేను పెట్టిన బొట్టే అని చెబితే జనం నమ్ముతారా? నమ్మితే చెప్పులు తీస్తారు, నమ్మకపోతే అమ్మవారిని కాదన్నందుకు తీస్తారు. మింగలేక కక్కలేక ఇంటికి పోయాడు. సుబ్బులమ్మ వడ్డించిన అన్నం కలిపి కలిపి వదిలేశాడు.

రెండు రోజులు పోయాక చూస్తే గ్రైండరు గిరగిరా తిరుగుతోంది. నరసింహారావు ఫ్యూజు ఉండాల్సిన చోట లావుపాటి రాగి తీగ తానే చుట్టేసుకున్నాడు.

"పిండి పులవకపోతే పొద్దున్నే ఇడ్లీలు నువ్వు పెడతావా? జిల్లుమనకుండా కింద చెక్క వేసుకుని నిలబడతన్నాంలే. అయినా అదంతా అమ్మ కోపమంట, పున్నమ్మ చెప్పింది. రేపు శుక్రవారం ఆడోళ్లు తడిబట్టలతో ప్రదక్షిణ చేసి, గొట్టాన్ని కావిలించుకుని ఉప్పు పోస్తారు. శాంతిస్తది."

కొండలు ఆ తీగ పీకి పారేశాడు. తడిబట్టలు, వట్టికాళ్లు, రెండు చేతులా గొట్టాన్ని పట్టుకోవడం. పట్టేవాళ్లలో మొదటి మనిషి పున్నమ్మ. రేపు మేడ మొత్తానికి మెయిన్ స్విచ్చి ఆపేయవచ్చు. ఈ శుక్రవారం గడుస్తుంది. వచ్చే శుక్రవారం? తాను ఊళ్లో లేని రోజు? ఫ్యూజులన్నీ జేబులో పెట్టుకుని ఎంతకాలం తిరుగుతాడు, నరసింహారావు లాంటివాడు వాకిలికొకడు ఉండగా?

పున్నమ్మ సంపు గట్టు మీద కూర్చుని రేపటి కోసం ఉప్పులో రాళ్లు ఏరుతోంది. కొండలు వెళ్లి ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"అత్తా, నీకో మాట చెప్పాల. కొట్టినా పడతా."

"నిన్ను కొడితే నా చేతికే నొప్పి. చెప్పు."

చెప్పాడు. పసుపు తానే పూసిన సంగతి, నవ్వు ఆపుకున్న సంగతి, గొట్టం ఎందుకు పాతారో, నీళ్లు ఎందుకు పోయమన్నాడో, గద్దె కట్టిననాడే చెప్పకుండా ఎందుకు ఊరుకున్నాడో, అంతా. చెబుతున్నంతసేపూ పున్నమ్మ చేతులు ఉప్పులోనే ఉన్నాయి గానీ కదలలేదు.

అంతా విని అడిగింది. "దాహమన్నావే. అదన్నా నిజమేనా?"

"అది నిజమే అత్తా. తడి లేకపోతే అది మనుషుల్ని కాపాడలేదు. ఇన్నాళ్లూ ఈ మేడలో ఎవరికీ ఏమీ కాలేదంటే మొదట్లో నువ్వు పోసిన నీళ్లే."

"ఉప్పు?"

"ఎక్కువై గొట్టాన్ని తినేసింది."

"అంటే మొక్కి మొక్కి మేమే చంపుకున్నాం."

కొడుకు గురించి అడుగుతుందని కొండలు భయపడ్డాడు. అడగనే అడిగింది.

"మరి మా కోటిగాణ్ణి ఎవురు కాపాడారు?"

"నాకు తెలవదు అత్తా."

పున్నమ్మ లేచింది. ఉప్పు గంప అక్కడే వదిలేసింది. "నవ్వుకున్నావు చూడు, దానికి మాత్రం నేను నీతో మాట్టాడను" అని వెళ్లిపోయింది. తిడితే బాగుండేదనుకున్నాడు కొండలు.

శుక్రవారం తెల్లారేసరికి కొండలు మెయిన్ ఆపి, ఫ్యూజులన్నీ జేబులో వేసుకుని, గద్దె దగ్గర నిలబడ్డాడు. ఎవరు కొట్టినా సరే గొట్టాన్ని ముట్టుకోనివ్వకూడదని వచ్చాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు, తలమీంచి నీళ్లు కారుతున్నాయి, చేతుల్లో ఉప్పు పళ్లేలు. కరెంటు ఎందుకు పోయిందని లాడ్జి మీద నుంచి ఎవరో అరుస్తున్నారు. పున్నమ్మ చివరన వచ్చింది. పొడిబట్టల్లో ఉంది. చేతిలో గడ్డపార.

కొండలు వైపు చూడలేదు. నేరుగా గొట్టం దగ్గరికి పోయి, ఆడవాళ్ల వైపు తిరిగింది.

"ఇది అమ్మవారు కాదు. కరెంటు గొట్టం. నాకు తెలవక మొక్కా, నన్ను చూసి మీరు మొక్కారు. ఇప్పుడిది పాడైంది. తడిచేత్తో ముట్టుకుంటే చస్తారు."

ఆడవాళ్లు గొల్లుమన్నారు. ముసల్దానికి మతిపోయిందన్నారు, కళ్లు పోతాయన్నారు. కొండలు ముందుకొచ్చి బొట్టు పెట్టింది తానేనన్నాడు. అతని మాట ఎవరూ వినిపించుకోలేదు, అందరి కోపమూ పున్నమ్మ మీదే. పున్నమ్మ వాళ్లను అరవనిచ్చింది. ఆ తర్వాత వెండి కళ్లు ఊడదీసి కొంగున కట్టుకుంది. చీర చెంగుతో గొట్టం మీద బొట్టు తుడిచింది. ఒకప్పుడు ఆమె బొట్టు ఇంకెవరో తుడిచారు. అక్కడున్న ఆడవాళ్లలో పెద్దవాళ్లకు అది గుర్తొచ్చినట్టుంది, అరుపులు ఆగిపోయాయి.

"కళ్లు పోతే నావి పోతయ్. తవ్వరా" అని గడ్డపార కొండలు చేతిలో పెట్టింది. మాట్లాడనన్న మనిషి మాట్లాడిన మొదటి మాట అది.

గద్దె పగిలింది. గొట్టం పట్టుకుని లాగితే మూరెడు ముక్క చేతికి వచ్చేసింది. మూరెడు తర్వాత గొట్టమే లేదు, తుప్పు పెళ్లలు, గట్టిపడిన ఉప్పు. అందరూ వంగి చూశారు. చూశాక ఒకామె తన ఉప్పు పళ్లెం మెల్లగా వెనక్కి దాచుకుంది. ఈలోపు శివరామయ్య పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. గొయ్యినీ, పున్నమ్మనూ, ఆడవాళ్లనూ మార్చి మార్చి చూసి, "ఆడోళ్లే తవ్విస్తంటే మజ్జన నేనెవర్ని" అని, ఆ పూటే కొత్త గొట్టం తెప్పించాడు. సాయంత్రానికి బొగ్గులూ, కొలిచి వేసిన ఉప్పూ, మన్నూ పడ్డాయి. కొండలు బల్బు పెట్టి చూశాడు. భగ్గున వెలిగింది. ఆ తర్వాతే మెయిన్ వేశాడు. గ్రైండరు మోటారు మాత్రం బాగుచేయడానికి నరసరావుపేట పోయింది, నరసింహారావు సణుక్కుంటూ రోట్లో పిండి రుబ్బించాడు.

పున్నమ్మ ఎప్పుడు వెళ్లిపోయిందో కొండలు చూసుకోలేదు. ఆ రాత్రంతా ఆమె గురించే ఆలోచించాడు. ఇన్నేళ్లూ ఒక మనిషి నమ్మకంతో తన పని జరుపుకున్నాడు. ఇక ఆ గొట్టం వైపు ఆమె ఎందుకు చూస్తుంది? నీళ్లు తానే పోసుకోవాలి, తప్పదు. తెల్లవారగానే బకెట్టు పట్టుకుని కాంప్లెక్స్‌కు పోయాడు.

కొత్త గొట్టం మొదట్లో మన్ను అప్పటికే తడిగా ఉంది. పసుపు లేదు, బొట్టు లేదు, ఉప్పు లేదు. ఉత్త తడి. కొంచెం అవతల పున్నమ్మ పెరడు ఊడుస్తోంది.

"ఏందిరా గుడ్లప్పగించి చూస్తన్నావు? దాహమన్నావు గదా" అంది, ఊడవడం ఆపకుండానే.

కొండలు ఏదో అనబోయాడు. ఆమె అననివ్వలేదు.

"మా కోటిగాణ్ణి కాపాడిన తల్లి ఇంకో చోట యాడో ఉంటది. వెదుక్కుంటాలే, ఆ వెండి కళ్లు ఆమెకే పెడతా. ఇది నీ గొట్టం, నేను ఊడ్చే పెరట్లో ఉంది, నీళ్లు పోస్తన్నా. అంతే." చీపురు నేలకు తట్టి నిలబడింది. "నేను రాని రోజు ఎవురు పోస్తారో అది చూసుకో. ఎవురికన్నా చెప్పు. ఈసారి నిజమే చెప్పు."

కొండలు బకెట్టు అక్కడే దించాడు. హోటలు వెనక తలుపు దగ్గరికి పోయి, లోపల పిండి చేతులతో ఉన్న నరసింహారావుని పిలిచాడు.

"ఓసారి బయటికి రా నరసింహారావూ. గొట్టానికి నీళ్లు ఎందుకు పోయాలో చెబుతా."